తొమ్మిది వేల చుట్లు

వనపర్తి పోరడు ఫోన్ల ఒకటే మాట:
"అంకుల్, దాన్నేం ముట్టకుండ్రి.
రంగు పెచ్చులూడితే ఊడనియ్యుండ్రి, పాతగుంటెనే రేటు.
పికప్ ఒరిజినలే గదా?"
ఒరిజినలే అన్న.
చచ్చిపోయింది గూడ ఒరిజినలే,
మీటరు పెడితే ముల్లు లేవలే.
ఆ ముచ్చట మాత్రం నోట్లనే ఉంచుకున్న.

కల్వకుర్తిల దేవరకొండ రోడ్డు మీద నా దుకాణం.
వానలు ఎనకవడ్డ ఏడు
దర్వాజ దాక కాలిన మోటర్లే, వార్నిష్ వాసనే.
వాటి నడుమ గోడకు నా బేస్ గిటారు.
మొల దానికోసమే కొట్టిన, గొడుగు తర్వాతొచ్చింది.
ఇప్పుడు గొడుగు తియ్యాలంటె
గిటారు జర జరగాలె.

తొంభై ఎనిమిదిల కొన్న, సికింద్రాబాదుల, సెకండాండ్ల.
నాలుగు పెండ్లిళ్లు, రెండు గణపతి మండపాల పైసలు.
డ్రమ్ములు సత్తార్, బేసు నేను.
స్టేజి మీద మా ఇద్దరి దాక లైటు రాకపోయేది.
ఆమనగల్లు పెండ్లిల ఒకసారి
నా డబ్బకొక్కదానికే ఫ్యూజు కొట్టేసింది.
పాట నడుస్తనే ఉన్నది.
బంతిల కూసున్నోళ్లు మాత్రం ముద్ద ఆపి
ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు,
ఏం తగ్గిందో ఎవ్వలకూ తెల్వదు.
నాకు దొరికిన ఇనాం అదొక్కటే.

తర్వాత కీబోర్డాయన ఎడమచెయ్యి నా పని గుంజుకున్నది.
ఆ తర్వాత పెన్‌డ్రైవు
ఆయన రెండు చేతులూ గుంజుకున్నది.

అమ్ముదునా? తొమ్మిది వేలు.
పాలమూరు సేటుకు రాగితీగె బాకీ పన్నెండున్నది.
మార్పిద్దునా? చర్చిల వాయించే ఏలియా చెప్పనే చెప్పిండు:
"కొత్త చెవులు బిగియ్యి మామా, బ్యాటరీ సర్క్యూటు పెట్టు,
నల్లరంగు కొట్టు, గుర్తువట్టవు."
గుర్తువట్టనిదానికి నా పైసలెందుకు?
అట్లనే ఉంచుదునా? పారిజాత నవ్వింది:
"గొడుగుకు తోడుంటది తియ్యి."

పంత్యా నాయక్ మోటరు దించిండు.
ఐదు హార్స్‌పవర్, మూడోసారి కాలుడు.
నల్లగైన తీగె గుంజి పారేస్తున్న,
ఆయన స్టూలు మీద బీడీ ఎలిగించి
అదే మాట అడిగిండు, మూడోసారి గూడ:
"ఎల్లుండికి నీళ్లెత్తుతదా?"
మూడుసార్లల్ల ఒక్కనాడన్న
ఒరిజినల్ తీగెనేనా అని అడగలే.

నా చేతుల పక్కడు ఆగింది.

ఆ రాత్రి షట్టరు సగం దించిన.
తల ఎంట్రుకల సగముంటది ఆ తీగె,
ఊపిరి గట్టిగ ఇడిస్తె తెగుతది.
బోరు మోటరు చుట్టిన ఏళ్లు
దాన్ని పట్టుడే మర్చిపోయినయి.
తొమ్మిది వేల చుట్లు, తొమ్మిది వేల రూపాయలు,
చుట్టుకు రూపాయి అనుకుంట నవ్వుకున్న.
నాలుగు వేల మూడొందల చిల్లర కాడ కరెంటు పోయింది.
ఫోను లైటు పండ్ల నడుమ పట్టుకున్న.
చిల్లర ఎంతో యాదికి రాలే.
అందాజగ చుట్టిన మిగిలింది.

మీటరు పెడితే ముల్లు లేచింది,
ఏడు కాడ వణికి నిలవడ్డది.
జపానోళ్ల లెక్కకు పదో ఇరవయ్యో ఎక్కువుంటది,
తక్కువన్న ఉంటది.

తెల్లారి కరెంటొచ్చినంక లావు తీగె మీటిన.
అల్మారల నట్ల డబ్బ గలగలమన్నది.
పాత సప్పుడు కాదు.
కొత్త బోరుల మొదటి నీళ్ల లెక్క
జర బురద కలిసిన సప్పుడు.
ఇంకోసారి మీటిన. ఇంకోసారి.
బయట చాయబండి కాడ ఒకాయన
లారీ వస్తున్నదేమోనని ఎనక్కు తిరిగిండు.

ఫోను. వనపర్తి.
"అంకుల్, ఒరిజినలే గదా?"
"చుట్టిన" అన్న.
"ఎవరు?"
"నేనే."
జర సేపు గాలి మోత.
"గట్లైతే ఆరు."
"ఆలోచన చేస్త బిడ్డా."

సేటు బాకీ పన్నెండు పన్నెండే.
సుత్తె తీసుకొని గొడుగుకు ఇంకో మొల కొట్టిన.
గోడ పెచ్చు లేచింది.
ఊడనియ్యి.