సూది పడింది

మూడోసారి తిరిగొచ్చింది ఆ యూనిఫారం టాపు.
కుడిపక్క అంచు వేలెడు పైకి లేస్తోందని
మాలకొండయ్య దాన్ని నా మిషను మీద పడేశాడు.
"జానీబేగం చెయ్యి తప్పిందని కందుకూరంతా అనుకుంటోంది."
కందుకూరంతా ఏమీ అనుకోలేదు.
పామూరు రోడ్డులో, ఎరువుల కొట్టు పక్కన,
ఇరవై ఆరేళ్లుగా కుడుతున్నా.
నా చెయ్యి తప్పితే నాకు తెలియదా.

కుట్లు విప్పి, గుడ్డను బల్ల మీద పరిచి మడిచాను.
రెండు సగాలూ ఒకదాని మీదొకటి కుదురుకున్నాయి.
తప్పు గుడ్డలో లేదు.

పిల్లను పంపమన్నాను.
బళ్లో లాస్య, ఇంట్లో కొండమ్మ. పదమూడేళ్లు.
ఆ ఏడు జొన్నమొక్కలా వారానికో కణుపు వేస్తోంది.
భుజం మొదట్నుంచి నడుముకు టేపు వదిలాను.
ఎడమ పదమూడున్నర. కుడి పద్నాలుగుంబావు.
టేపు మార్చి మళ్లీ కొలిచాను.

"సూది పడిందే అమ్మే, మోకాళ్లు వంచకుండా తియ్యి" అన్నాను.
సూది పడలేదు.
అది వంగింది. వెనక నిలబడి చూశాను:
కుడిపక్క పక్కటెముకలు
దుప్పటి కింద దూరిన పిల్లిలా లేచాయి.
ఎడమపక్క చదును.
"కనబళ్లేదత్తా" అంది, ఇంకా వంగే వెతుకుతూ.
నాకు కనబడింది.

వాళ్లమ్మ సుబ్బరత్తమ్మ ముందు పుస్తకాల సంచినంది.
తర్వాత ఒత్తిగిలి పడుకోవడాన్నంది.
తర్వాత నన్నంది.
మూడు నెలలు ఆముదం కాచి రుద్దింది.
చర్మం మెరిసింది, ఎముక వినలేదు.

ఒంగోలు ఆసుపత్రిలో ఫిల్మును దీపం పెట్టెకు తగిలించారు.
బిడ్డ లోపల మన్నేరు పారుతోంది:
తిన్నగా పోవడానికి తోచనట్టు ఒక పక్కకు ఒరిగి,
ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ తిరిగొచ్చి.
డాక్టరు స్కేలు పెట్టి రెండు గీతలు గీసి
"ముప్పై ఒకటి" అన్నాడు.
నేను అంగుళాలనుకున్నాను. డిగ్రీలంట.
ఎవరి తప్పూ కాదంట. సంచిది కాదు, పడకది కాదు,
ఎందుకొస్తుందో తమకే సరిగా తెలియదంట.
అంత చదువుకున్నాయన నోట ఆ మాట విని
సుబ్బరత్తమ్మ మొదటిసారి ఏడ్చింది.

రోజుకు పద్దెనిమిది గంటలు ప్లాస్టిక్ కవచం.
అది వంపును తీసెయ్యదు,
ఎముక ఎదుగుదల ఆగేదాకా
పెరగనివ్వకుండా పట్టుకుంటుంది, అంతే.
యాభై దాటితే మాత్రం కోసి కడ్డీలు వెయ్యాలి.

కవచం కిందకి కుట్టు లేని బనీను కావాలన్నారు.
కుట్టు లేని బట్ట కుట్టమని
అంతకుముందు నన్నెవరూ అడగలేదు.
గొట్టంలా అల్లిన బనీను గుడ్డ తెప్పించి
భుజాల దగ్గర మాత్రం కుట్టి, ఆ కుట్టునీ బయటికి తిప్పాను.
మే నెల ఎండకు రోజుకు మూడు తడిసేవి.
"తాబేలుకు ఊపిరెట్లా ఆడుద్దత్తా?" అనడిగింది ఒకసారి.
జవాబు లేదు. బిస్కెట్టుంటే ఇచ్చాను.

నా కొలతల పుస్తకంలో అందరికీ ఒక వరస,
దాని పేరు కింద రెండు.
కొత్త టాపు తొడిగితే అంచు నేలకు సమంగా నిలబడింది.
అద్దంలో చాలాసేపు చూసుకుని
"సరిగ్గా ఉన్నానా?" అంది.
"బట్ట సరిగ్గా ఉంది" అన్నాను.
ఎందుకలా అన్నానో, ఆ రాత్రంతా తిట్టుకున్నాను.

రెండేళ్లు. ముప్పై ఒకటి ముప్పై మూడైంది.
ఆ తేడా లెక్కలోకి రాదంట.
గోడ మీద ఎత్తుకు గీసే పెన్సిలు గీత
రెండుసార్లు ఒకచోటే పడింది.
కూతురు ఎదగడం మానేసిందని
చక్కెర పంచిన తల్లిని నేను చూశాను.

మొన్న కొట్టుకొచ్చి, నా వెనక నిలబడి
"సూది పడిందత్తా" అంది.
నిజంగానే పడిందనుకుని వంగాను.
ఇరవై ఎనిమిదేళ్ల మిషను
నా వీపులోంచి చప్పుడు చేసింది.
అది నవ్వలేదు.
నా మెడలోంచి టేపు తీసుకుని
"కదలకు" అంది.