చప్పుడు దారి

వెర్మాంట్ కొండల్లో ఏప్రిల్ అంటే పువ్వులు కాదు, బురద.
మంచు దిగిపోయిన నేల
ఉడికిన జావలా ఊగుతుంది.
అడుగేస్తే బూటు అక్కడే ఉండిపోతుంది,
కాలొక్కటే వెనక్కి వస్తుంది.

పోయినేడు ఇదే బురదలో
గుండ్రాళ్ళు పోయించాను, బఠాణీలంతవి.
ఏటి రాళ్ళు. నున్నగా, ముద్దొచ్చేలా ఉన్నాయి,
చవగ్గా వచ్చాయి కూడా.
జూన్ వానకి సగం వాగు పాలయ్యాయి,
మిగిలిన సగం కాలికింద శనగల్లా దొర్లి
నా మోకాలి సంగతి చూశాయి.

క్వారీ ట్రక్కు నడిపే తిబో నవ్వలేదు.
వంగి ఒక గుప్పెడు ఏరి నా అరచేతిలో పోశాడు.
"వీటికి అంచులేవీ?
నీళ్ళలో ఒరుసుకుని ఒరుసుకుని
అందరితో మంచిగా ఉండడం నేర్చుకున్నాయి.
ఒకదాన్నొకటి పట్టుకోవు.
నీకు కావలసింది పగిలిన రాయి."

దారి ఎవరికో తెలిశాక మాత్రం
తిబో టోపీ తీసి తల గోక్కున్నాడు.

టాన్సీకి ఇరవై మూడేళ్ళు.
శీతాకాలం మధ్యలో రెండో కన్ను కూడా
పాలరంగు తిరిగింది.
కొట్టం నుంచి వాగు దాకా నూట నలభై అడుగులు,
కంచె తగిలి ముట్టె చీరుకున్న రోజు
ఆల్డెన్ అన్నాడు: "గుడ్డి గుర్రానికి రహదారి ఎందుకు?
డాక్టర్‌ని పిలుద్దాం. ఒక్క సూది."
నేను పార తీసుకున్నాను.
ఆ తర్వాత మా ఇంట్లో
ఉప్పు అందుకోమనడానికి తప్ప మాటల్లేవు.

మోకాటి లోతు తవ్వాను.
నల్లమట్టి గడ్డికి ప్రాణం, దారికి పగ.
అడుగున నేతగుడ్డ పరిచాను,
రాయి మట్టిలోకి, మట్టి రాయిలోకి జారుకోకుండా.
దాని మీద పిడికిలంత రాళ్ళు,
వాటి మీద బొటనవేలంతవి,
పైన పొడితో కలిసిన సన్న కంకర.
నడుమ కొంచెం ఉబ్బు, అటూ ఇటూ వాలు,
దుప్పటి కింద పిల్లాడు పడుకున్నట్టు.
వాన కూడా బాటసారే. నచ్చిన దారిని వదలదు.
అందుకే అక్కడక్కడా అడ్డంగా ఒక రాతి పలక:
"నువ్విటు దిగమ్మా" అని.

అద్దె రోలర్ నడుపుతుంటే
పళ్ళు కూడా కదిలిపోయేంత మోత.
మొదట కంకర అరిచింది. గొణిగింది.
మూడోసారి వెళ్ళేసరికి
మూలకి మూల దొరికి, నోరు మూసుకుంది.

మే నెల రెండో ఆదివారం
తాడు వదులుగా పట్టుకుని టాన్సీని ఎక్కించాను.
కరకర.
చెవులు రెండూ ముందుకు తిరిగాయి.
కరకర, కరకర, తర్వాత మెత్తన.
గడ్డి.
ఆగింది. ఒక డెక్క ఎత్తి, వెతికి,
చప్పుడు ఉన్న చోట మళ్ళీ దించింది.
నాలుగో రోజుకి తాడు అక్కర్లేదు.

భయం ఒక్కటే మిగిలింది, వాగు గట్టు.
దారి ఎక్కడ అయిపోతుందో
చప్పుడు ఎలా చెబుతుంది?
తెల్లారేవరకూ అదే ఆలోచన.

పొద్దున్నే వెళ్ళి చూస్తే
చివరి ఏడడుగులూ ఎవరో తిరగేసి ఉన్నారు.
సన్న కంకర గీసి పక్కకి తోసి,
పెద్ద రాళ్ళు దగ్గరదగ్గరగా పొదిగి, సందుల్లో పొడి కూరి,
డెక్క ఇరుక్కోకుండా ఒక్కొక్కటీ తొక్కి చూసి.
చక్రాల బండి ఇంకా తడిగానే ఉంది.
దాని పిడికి ఆల్డెన్ చేతితొడుగులు.

రాత్రి భోజనాల దగ్గర
"మిగిలిపోయిన రాయి ఆ చివర పారేశాను" అన్నాడు,
పళ్ళెంలోకి చూస్తూ.
"అలాగా" అన్నాను.
ఉప్పు తనే జరిపాడు. నేను అడగలేదు.

ఇప్పుడు వంటింటి కిటికీ తెరిచే ఉంచుతాం.
చీకట్లో అది బయల్దేరుతుంది:
కరకర, కరకర,
ఒక చోట కాస్త ఆలస్యం,
తర్వాత టక్, టక్, టక్.
ఇద్దరం చెంచాలు ఆపుతాం.

నీళ్ళు తాగుతున్న చప్పుడు.