నలభై పరదాలు

నల్గొండల ట్రైనింగ్ ఒక్క దినమే.
బోర్డు మీద సారు నాలుగు మాటలు రాసిండు:
ప్రణాళిక, వ్యవస్థీకరణ, నిర్దేశం, నియంత్రణ.
రెండోది పలకనీకె నాలుక తిరగలే.
పక్కన కూసున్న కనగల్లు ఆమె నవ్వింది, నేనూ నవ్విన.
మాపటికి తేమ మిషన్, ఆరు రిజిస్టర్లు చేతిల పెట్టి
బస్సెక్కిచ్చిండ్రు.

హాలియా దాటినంక ఎడమ కాల్వ కింద మా వడ్ల సెంటరు.
సెంటరంటే ఏందో అనుకునేరు.
ఒక రేకుల పందిరి, ఒక కాంటా,
మిగిలిందంతా ఆకాశం.

వడ్లు రాకముందే వడ్లను లెక్కబెట్టుడు నా మొదటి పని.
ఎవరు ఎన్ని ఎకరాలు నాటిండ్రు,
ఎవరి చేన్ల మిషన్ ఏ దినం దిగుతది,
గన్ని సంచులెన్ని, సుతిలి ఎంత,
లారీ రాకుంటే ఎవరికి ఫోన్ కొట్టాలె,
ఆయన ఎత్తకుంటే ఇంకెవరికి.

జానయ్య ముఠాల పన్నెండు మంది హమాలీలు.
మొదటి వారం అందరం అన్నీ చేసినం.
పొద్దుమీకే వరకు అరవై సంచులు, నలభై తిట్లు.
తర్వాత ఎవరి జాగల వాళ్లను నిలబెట్టిన.
నింపేటోడు కుట్టడు, కుట్టేటోడు లారీ ఎక్కడు.
జానయ్యకు నేను చెప్త, వాళ్లకు జానయ్య చెప్తడు.
ఒకనాడు సర్పంచ్ మొగడొచ్చి
"ఆ కుప్ప ముందల ఎత్తుండ్రి" అన్నడు.
పన్నెండు మంది నా మొకం దిక్కు చూసిండ్రు,
సూదిల దారం ఎక్కిచ్చేటోడు గూడ ఆగిండు.
టోకెన్ల బుక్కు తెరిచి ఆయన ముందల పెట్టిన.
అద్దాలు తేలేదని పోయిండు.

తేమ పదిహేడుకు దిగాలె.
మా మరిది వడ్లు పందొమ్మిది చూపిచ్చినయి.
"మిషన్ నీ చేతిలనే ఉన్నది గద వదినా."
చేతిల ఉన్నదనే గద భయం.
రెండు దినాలు ఆరబోసుకున్నడు.
ఇప్పటికీ నేనిచ్చిన చాయ్ తాగుతడు గని
గ్లాసు దిక్కే చూస్తడు.

ఇంతవరకే చెప్తే నేను మంచిగనే కనబడుత.
ఇగ వాన రాత్రి చెప్పాలె.

నలభై పరదాలు అని రిజిస్టర్ల ఉన్నది,
నా చేతి రాతనే.
గాలి లేవంగనే టోకెన్ వరుసల కప్పిచ్చుకుంట పోయిన.
ఎవరు ఏ కొస పట్టాలెనో, రాళ్లు ఎవరు మోయాలెనో
ముందే అనుకున్నం, ఒక్కరు గూడ ఉరకలే.
ముప్పై ఎనిమిది కాడ పరదాలు ఒడిసినయి.

నాలుగు దినాల కింద మిర్యాలగూడ లారీ డ్రైవర్
"రెండియ్యి అక్కా, రేపే తెస్త" అంటే ఇచ్చిన.
రాయలే.
పెన్ను చెవి మీదనే ఉండె.

నలభయ్యో నెంబరు యాదగిరి ఇంట్లకెళ్లి పరదా తెచ్చుకున్నడు.
ముప్పై తొమ్మిది బక్కమ్మది.
ఆమె ఇంట్లకెళ్లి మూడు చీరలు తెచ్చింది.
మెరుపు మెరిసినప్పుడల్ల
ఆ ఎర్రంచు చీర ఒక్కటే కనబడ్డది నాకు.

ఐదో దినానికి కుప్ప అడుగున తెల్లగ మొలకలు.
సంఘం మీటింగ్ల వాన అనలే, డ్రైవర్ అనలే,
రాయలేదని చెప్పిన.
కమీషన్ల నుంచి కట్టిద్దామంటే
మంగ లేచి "నీ మరుపుకు మా పైసలా" అన్నది.
తప్పేమున్నది ఆ మాటల.
సగం సంఘం, సగం నా జీతం.
బక్కమ్మ పైసలు లెక్కబెట్టుకొని
"చీరల బురద పోతలేదు బిడ్డా" అన్నది, అంతే.

నాలుగో మాట
మందిని అదుపుల పెట్టుడనుకున్న ఇన్నాళ్లు.

ఈ యాసంగికి రిజిస్టర్ల కొత్త గీత కొట్టిన:
ఇచ్చినవి, తిరిగొచ్చినవి.
దీపాలు పెట్టే యాళ్లకు పరదాలు మడత పెట్టుకుంట
జానయ్య, నేను పైకే లెక్కబెడుతం.
ముప్పై ఎనిమిది కాడ
ఇద్దరం జెర ఆగుతం.