సున్నా ఎంబీ

గుణుపురంలో కరెంటు పోయిన సాయంత్రం,
నౌపడా రైలు దిగినవాళ్ళు నా చూరు కింద గొడుగులు దులుపుకుంటుంటే
ఈశ్వరి గొమాంగో కౌంటరు మీద తువ్వాలు విప్పి
ఫోను పెట్టింది,
తేలు కుట్టిన పిల్లాణ్ణి ఆసుపత్రి బల్ల మీద పడుకోబెట్టినట్టు.

"మా మరిది ఏదో రూటు చేసేడు," అంది తెలుగులో.
"నిండిపోయింది, నిండిపోయిందని రెండు నెల్లు గోల పెట్టింది.
నిన్నట్నించి అసలేమీ లేదంటంది." ఇది ఒడియాలో.
ఆ తర్వాత ఫోనుతోనే ఏదో అంది సవరలో.
అది నాకు రాదు.

రికవరీలోకి వెళ్ళి చూశాను.
ఇంటర్నల్ స్టోరేజ్: సున్నా ఎంబీ.
ముప్పై రెండు జీబీల ఇల్లు ఎక్కడికీ పోలేదు.
గుమ్మం ఎటుందో చెప్పే కాగితం చిరిగింది, అంతే.

ఈ రోగానికి మందు బజార్లో ప్రతి కుర్రాడికీ తెలుసు.
ఫార్మాట్ డేటా. 'యస్' అని టైపు కొట్టాలి.
మూడే అక్షరాలు. నిమిషంలో ఫోను కొత్తది,
తెచ్చినవాడు పాతవాడు.
ఆ మూడక్షరాలూ నేను
పెళ్ళి ఫొటోల మీద కొట్టాను, పొలం పట్టాల మీద కొట్టాను,
ఒకసారి మా తమ్ముడి ఫోను మీద, వాణ్ణి అడక్కుండానే.

వేలు ఆనించబోతే అంది:
"అందులో నలభై ఒక్కమంది పిల్లల బరువులున్నాయి."

కొండ మీద అంగన్‌వాడీ. టవరు లేదు.
వేలాడే త్రాసులో పిల్లని కూర్చోబెట్టి,
ముల్లు నిలబడ్డాక ఫొటో తీసి,
సంతకి దిగిన రోజు పైకి పంపుతుందట.
మరి రిజిస్టరు?
"చెదలు చదువుకున్నాయి," అని నవ్వింది.

ల్యాప్‌టాప్‌లో ఇరవై తొమ్మిది శాతం.
వైరు గుచ్చాను.
ఆ మరిది వేళ్ళు తవ్వుతూ తవ్వుతూ తాళం కూడా పీకేశాడు.
ఆ వెధవపని వల్లే నాకు లోపలికి దారి దొరికింది.
ఈ సంగతి ఆమెకి చెప్పలేదు,
చెబితే రేపు ఇంకో ఫోను పట్టుకుంటాడు.

నల్ల తెర. ఒక్క వరస ఆజ్ఞ.
విరిగినచోటల్లా కట్టు కట్టుకుంటూ అది నడుస్తుంటే
బయట వాన, వంశధార మీంచి వచ్చే ఆ పచ్చి వాసన.

ముందు రోగకారణం బయటపడింది.
పదకొండు జీబీల ఒకే ఒక్క ఫైలు.
తెరిస్తే ఒకటే మాట:
పంపడం విఫలమైంది. మళ్ళీ ప్రయత్నిస్తున్నాను.
పంపడం విఫలమైంది. మళ్ళీ ప్రయత్నిస్తున్నాను.
అందని టవరుని రాత్రింబవళ్ళు పిలిచి
పిలిచిన ప్రతిసారీ లెక్క రాసుకుని
ఆ రాతతోనే గొంతుదాకా నిండి చచ్చింది పాపం.
దాన్ని చెరిపేటప్పుడు మాత్రం
నా వేలు ఒక క్షణం ఆగింది.

తర్వాత ఫొటోలు వచ్చాయి, పేర్లు లేకుండా.
తప్పిపోయి దొరికినవాటిని వేసే సంచి ఒకటుంటుంది లోపల,
అందులో దేనికైనా వట్టి అంకే.
"ఏది ఎవరిదో ఇక తెలీదమ్మా," అన్నాను.

ఆమె స్టూలు ముందుకి లాక్కుంది.
తెర మీద ఒక పాదం, ఆరు కిలోల మూడొందలు.
"సోంబారి."
సగం చెవి, తాయెత్తు. "ఎలియాజర్. బరువు తగ్గేడు, చూడు."
మసక. "కదిలిపోయిందంటే రూతే. దాని కవలది కదలదు."
"ఆ పట్టుకున్న చెయ్యి నాయనమ్మది, వాళ్ళమ్మ ఇటుకబట్టీకి పోయింది."

నేను తెలుగులో కొట్టుకుపోతున్నాను.
"ఒడియాలో కొట్టు, సూపర్‌వైజరు చదవాలి," అంది.
మొదటి పదకొండూ మళ్ళీ కొట్టాను.

నలభై ఒక్కటీ అయ్యాక ఇంకొకటి మిగిలింది.
ఖాళీ త్రాసు. ముల్లు సున్నా మీద.
"ఇది తీసేద్దామా? కాస్త చోటు కలిసొస్తుంది."

"వద్దొద్దు," అంది. "ప్రతి నెలా ముందు అదే తీస్తాను.
సున్నా సరిగ్గా ఉంటేనే కదా,
మిగతావి నమ్ముతారు."

బ్యాటరీ నాలుగు శాతం.
దాన్ని సోంబారి కంటే ముందుకి జరిపి
మూత వేశాను.