పచ్చపలుగు

బుధవారం పెసలు నానబోసి
ఆ నీళ్లతోనే ఉంగరం కడిగేది మా పెంచలమ్మత్త.
"బుధుడి రాయి మే. పచ్చ.
ఇచ్చినోడు అబద్ధం చెప్పే మనిషి కాదు" అనేది.
ఇచ్చినోడెవరో మాత్రం చెప్పలేదు.

ఆమె పోయిన పదకొండో నెల
కలిచేడు నుంచి గూడూరు, గూడూరు నుంచి నెల్లూరు.
ఆచారి వీధిలో సానపట్టే ఖాదర్‌మస్తాన్ ముందు
కొంగు ముడి విప్పి పెట్టాను.
చీటీ వాయిదా రెండు నెలలు బాకీ.

ముందు చెంపకు ఆనించుకున్నాడు.
"చల్లగుండాది, గాజు కాదు."
సీసా పెంకు మీద గీశాడు.
కిర్రుమంది. గీత పెంకుకే పడింది.
భూతద్దం కంట్లో ఇరికించుకుని
చాలాసేపు మాట్లాడలేదు.
బయట ఎవరో ఇత్తడి బిందెకు మాటు వేస్తున్నారు.

"పచ్చ కాదమ్మా. పచ్చపలుగు.
మీ గట్ల మీద మేకలు తొక్కే పలుక్కి
రంగొచ్చిన చెల్లెలు."
అద్దం నా చేతికిచ్చాడు.
పాచినీళ్లలో చేపపిల్లలు మళ్లినట్టు
సన్నసన్నటి మెరుపులు.
"అవేంది?"
"కాకిబంగారం. రాయి గడ్డకట్టేటప్పుడు ఇరుక్కున్నాయి.
వాటి పచ్చే దీని పచ్చ."

కాకిబంగారం నాకొకరు చెప్పాలా!
రేకుల షెడ్డులో కొడవలి మొనతో
పొర మీద పొర ఊడదీసి
అత్త ఇంటికొచ్చేసరికి
కనురెప్పల మీద, చెవి మడతల్లో, అన్నం ముద్దలో మెరిసేది.
బుడ్డి ఆర్పాక కూడా
ఆమె యాడ పడుకుందో తెలిసేది మాకు.

తర్వాత పలుగు మిల్లులో ఆరేళ్లు.
ఆ పిండి మెరవదు.
తెల్లగా, మెత్తగా, ముగ్గు మాదిరి
లోపలికి పోయి కూర్చుంటుంది.

"గుండెకూ రొమ్ముకూ మంచిదంటారు దీన్ని"
అన్నాడు ఖాదర్‌మస్తాన్.
"అనేవాళ్లు అంటారు.
సాన పట్టేటప్పుడు నేను మాత్రం
మూతికి తడిగుడ్డ కట్టుకుంటా."
నేను నవ్వానో ఏమో, తల దించుకున్నాడు.

ధర చెప్పాడు.
రానూపోనూ చార్జీలకూ, ఒక పూట భోజనానికీ సరి.
ఉంగరం వెండే నయం.
తిరిగిస్తూ, మందుల చీటీ చదివినట్టు:
చింతపండు వద్దు, యాసిడ్ వద్దు.
మరిగే నీళ్లు పొయ్యొద్దు, బీటలిస్తుంది.
గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కలు కుంకుడు రసం, పాత నూలుగుడ్డ.
ముత్యాలతో కలిపితే వాటిని గీరుతుంది,
రవ్వలతో కలిపితే అవి దీన్ని గీరతాయి.
విడిగా పెట్టుకో.
"పెసల నీళ్లు?"
"దానికేంది, పోసుకో."

మనుబోలు దాటాక
బస్సు కిటికీలోంచి ఎండ వేలి మీద పడి
రాయిలో చేపపిల్లలన్నీ ఒక్కసారి తిరిగాయి.
అప్పుడు తట్టింది.
ఇరవయ్యేళ్లు షెడ్డులో చేసిన మనిషికి
కాకిబంగారం తెలియకుండా పోతుందా?
ఇచ్చినోడికి మాత్రం తెలియదా?

చీటీ వాయిదా అట్టే ఉంది.
గూడూరులో దిగి
పావుకిలో పెసలు కొన్నాను.