పక్కటెముక

గ్రిమ్స్‌బీ రేవులో, పాత ఐసు ఫ్యాక్టరీ వెనక సందులో
మా మ్యూజియం గోదాము.
మంగళవారం, గురువారం నా డ్యూటీ.
చేతులకి నీలం గ్లౌజులు, ముక్కుకి గుడ్డ,
ముందు ఓర్వెనా వాళ్ళ ఓడ పద్దుల పుస్తకం.

ఓర్వెనా ఇప్పుడు ఏ పటంలోనూ లేదు.
ఒకప్పుడు దాని తెరచాపలు
పెళ్ళి పంక్తిలో వడ్డించేవాళ్ళలా
సముద్రం ఈ కొస నుంచి ఆ కొసకి
హడావిడిగా తిరిగాయి.

వాళ్ళ దేవుడు మునిగిపోయిన దేవుడు.
లోకాన్ని చేసి, అలిసిపోయి,
కాళ్ళు కడుక్కుందామని నీళ్ళలోకి దిగాడట.
అంతే.
ఏ అల ఏ ఎముకను ఏ ఒడ్డుకు తోసిందో
అన్నీ ఏరి, పేర్చి, ఒక్కచోట పడుకోబెడితే
లేచి కూర్చుంటాడని నమ్మకం.
అందుకే ప్రతి ఓడ అడుగునా ఒక ఖాళీ శవపేటిక.
దాని పక్కనే, చోటు దండగ కాకుండా,
మిరియాల బస్తాలు.

ఎడమ పేజీ ప్రార్థన. కుడి పేజీ లెక్క.
ఒకే చేతిరాత, ఒకే సిరా.
ఎడమవైపు: దొరికినది నీ చిటికెన వేలు, స్వామీ.
కుడివైపు: లవంగం నలభై మణుగులు,
మనుషులు అరవై ముగ్గురు,
దారిలో తరుగు తొమ్మిది.

మొదట్లో ఎడమ పేజీని నమ్మలేదు నేను.
దొంగ నామం పెట్టుకున్నాడులే అనుకున్నాను.
కానీ సిరా చెదిరిన మరకలన్నీ ఎడమవైపే.
భూతద్దం కింద ఉప్పు.
సముద్రానిదో కంటిదో ల్యాబ్ వాళ్ళు చెప్పలేమన్నారు.
ఏడ్చాడేమో.
ఏడుస్తూనే పేజీ తిప్పాడేమో.
దొంగకైతే గొళ్ళెం పెట్టుకోవచ్చు.
కళ్ళనీళ్ళతో వచ్చి
నీ వాకిట్లో మా దేవుడున్నాడు, జరుగు అనేవాడికి
ఏ తలుపు అడ్డం?

నూట పన్నెండో పేజీలో తుమ్మలరేవు.
ఇసుక, ఉప్పుమళ్ళు,
ప్రతి మాటనీ నోరు తెరిచే ముగించే జనం
అని రాశాడు.
గ్లౌజులు తీసేశాను. మావాళ్ళే.

అక్కడ జాలర్లు వలలారేసుకునే దండెం
రెండు తాటి దుంగల మీద అడ్డంగా వేసిన
తిమింగలం పక్కటెముక.
ఎవరి తాతో ఈడ్చుకొచ్చి పెట్టాడు.
దాన్ని చూసి ఓర్వెనీలు మోకాళ్ళ మీద కూలబడ్డారు.
ముందు ఎముకని తీసుకున్నారు.
ఎముక ఉన్న నేల పవిత్రమని కంచె వేశారు.
పవిత్రమైన నేల ఉప్పు ఇంకా పవిత్రమని అమ్ముకున్నారు.
దేవుడి ఒంటి మీద అన్నేళ్ళు
చేపల కంపు ఆరబెట్టిన పాపానికి
ఊరు ఊరంతా ప్రాయశ్చిత్తంగా ఓడెక్కింది.
కుడి పేజీ: రెండు వందల నలుగురు.
తరుగు ఎంతో రాయలేదు.

ఆ ఎముక ఈ గోదాములోనే ఉంది.
రెండు ఇనుప స్టాండ్ల మీద, అడ్డంగా,
చివర్న దారంతో కట్టిన నంబరు.

హెస్టర్‌కి కథంతా చెప్పాను, కోపంగానే.
డెబ్బై ఆరేళ్ళ మనిషి, జీతం లేకుండా వచ్చి దుమ్ము దులుపుతుంది.
భర్త ఐస్‌లాండ్ వైపు చేపలకి వెళ్ళిన పడవలో పోయాడు.
బూటు కూడా తిరిగి రాలేదు.
టీలో చెంచా తిప్పుతూ చాలాసేపు ఊరుకుంది.
బెర్నార్డ్ కోసం నేనూ తిరిగాను, అంది,
స్కెగ్‌నెస్ దాకా ప్రతి ఒడ్డూ,
ఎవరి పెరడు అడ్డమొచ్చినా దాటుకుంటూ.
చెంచా పక్కన పెట్టింది.
కానీ ఎవరి దండెమూ పీక్కురాలేదమ్మా.

ఆ తర్వాతి గురువారం ఒకటే వాన.
తడిసి ముద్దయి వచ్చింది హెస్టర్,
ఏదో మాట్లాడుతూ కోటు విప్పి
చూసుకోకుండానే ఆ ఎముక మీద ఆరేసింది.
రూల్సు ప్రకారం నేను కేక వెయ్యాలి.
అంచు నుంచి ఒక్కో చుక్కా సిమెంటు మీద పడుతోంది.
లేచి
హీటరు కాస్త అటు తిప్పాను.