కాటా తేడా

మిర్చి యార్డులో నా ఉద్యోగం తేడా పట్టుకోవడం.
టిక్కీ కాటా ఎక్కుతుంది,
అంకెలు కాసేపు గింజుకుని ఆగుతాయి.
రైతు చెప్పిన బరువుకీ కాటా చెప్పిన బరువుకీ మధ్య ఉన్నదాన్ని
ఎర్ర సిరాతో పక్కన రాస్తాను.
పద్దెనిమిదేళ్లుగా, రోజుకో మూడొందలసార్లు
ఆ మాట నా నోట్లోంచి వస్తోంది.
వచ్చిన ప్రతిసారీ గొంతు సవరించుకుంటాను.
ఘాటు అనుకుంటారు.

ఆ మాటకి ఇంకో అర్థం ఉందని
పాలిటెక్నిక్‌లో తెలిసింది.
తెలియడం కాదు, నేనే తగిలించాను
ఏసుపాదానికి.
నల్లపాడు బస్సులో పుస్తకాలు గుండెకి హత్తుకుని కూర్చునేవాడు,
దిగేటప్పుడు కండక్టర్‌కి థాంక్స్ చెప్పేవాడు.
అంతే వాడి నేరం.
వెనక సీట్లోంచి అరిచింది నేను.
బస్సంతా నవ్వింది.
ఆ నవ్వుల కింద దాక్కోవడానికి ఎంత చోటో!
మూడేళ్లు అక్కడే కాపురం ఉన్నాను.
వాడి మెడ మీద పడ్డ ఎండ
రాత్రిళ్లు నాకు గుర్తొచ్చేదని ఎవరికి చెప్పను?

అక్క పంపిన ఫొటోలు
కవర్లోంచి తియ్యకుండానే
జాతకం కలవలేదన్నాను.

కోల్డ్ స్టోరేజీ ముందు తొడిమలు తీసే ఆడవాళ్లు
ఎర్రకాయలు ఒకవైపు, తెల్లబారిన తాలు ఒకవైపు పోస్తారు.
చాలా ఏళ్లు ఆ రెండో కుప్పని చూసి
నా సంగతే అనుకున్నాను.
ఇప్పుడు ఆ పోలిక కొట్టేస్తున్నాను.
తాలు తెగులు వల్ల వస్తుంది.
నాకు తెగులేం లేదు.

పోయిన మార్చిలో కొత్తపేటలో రక్తపరీక్షకి వెళ్లాను.
తెల్లకోటులో ఏసుపాదం. సగం జుట్టు పోయింది.
చీటీ మీద పేరు చదివాడు,
నా మొహం చూడకుండా చేతికి రబ్బరు పట్టీ కట్టాడు.
"పిడికిలి బిగించండి."
బిగించాను.
"నల్లపాడు బస్సు కదూ?"
సూది దిగింది.
ఇరవై రెండేళ్ల నాటి క్షమాపణ
నాలుక మీద ఎండిన తొక్కలా అంటుకుపోయింది.
"నేనూ..." అన్నాను. అంతకుమించి రాలేదు.
గొట్టంలోకి ఎక్కుతున్న నెత్తురుకేసి చూస్తూ అన్నాడు:
"తెలుసు. అందర్లోకీ గట్టిగా నవ్వింది నువ్వేగా."
పట్టీ విప్పాడు.
"ఇంక వదిలెయ్యండి పిడికిలి."

నువ్వన్నాడు, మళ్లీ మీరన్నాడు.
క్షమించాడో లేదో
ఆ రెంటి మధ్యే ఎక్కడో ఉంది.

ఇక యార్డు సంగతి.
చిట్టాలు రాయడానికి కొత్తగా చేరిన బాజీ నడక చూసి
టీ కొట్టు దగ్గర పున్నారావు గారు ఆ మాటన్నాడు.
నవ్వారు.
ఆ నవ్వులో నా పాత చోటు ఇంకా ఖాళీగానే ఉంది, వెచ్చగా.
వెళ్లి కూర్చుంటే సరిపోయేది.

"నేనూ అదేనండీ పున్నారావు గారూ."
"ఏది?"
"మీరిప్పుడన్నది."
గొంతు సవరించుకోలేదు.

గొప్పగా ఏం జరగలేదు.
మోకాళ్లు వణికాయి, టీ ఒలికి చొక్కా పాడైంది.
ఒకాయన దగ్గాడు. ఒకాయన మోగని ఫోను తీసి హలో అన్నాడు.
పున్నారావు గారు సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయి
మర్నాటికల్లా తన సరుకు వేరే గుమస్తాకి మార్పించుకున్నాడు.
నెలకి నాలుగువేలు పోయినట్టే.
బాజీ నావైపు చూడలేదు.
ఆ చూడకపోవడం నాకు బాగా తెలిసిందే.
తొందరేం లేదు.

హమాలీ చెంచయ్య మాత్రం మధ్యాహ్నం
వీపు మీది టిక్కీ కాటా మీదికి దించి,
తువ్వాలుతో మెడ తుడుచుకుని,
"తేడా ఎంతుంది సారూ?" అన్నాడు.
అని, నాలిక కరుచుకున్నాడు.
నాకు నవ్వొచ్చింది.
నా మొహం చూసి వాడికీ వచ్చింది,
ఇద్దరం ఘాటుకి దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ
లైన్లో వెనక టిక్కీలు ఆగిపోయేదాకా నవ్వాం.

"కిలోన్నర" అన్నాను.